విద్యాలయములకు విమానాశ్రయమునకు నడుమ

హైదరాబాదు నగరమునకు పడమట, 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పు బండరాళ్ళు ఒకదానిపై నొకటి నిలిచియుండు గచ్చిబౌలి ప్రాంతమున, 1974లో పార్లమెంటు శాసనముచే వెలసిన కేంద్రీయ విశ్వవిద్యాలయము, అబిడ్సులో సరోజినీ నాయుడుగారి కుటుంబము నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ భవనమున కొన్నాళ్ళు తరగతులు నడపుకొని, పిమ్మట తన విశాలమైన ఆవరణములో స్థిరపడినప్పుడు, ఆ చోటు పట్టణవాసులకు పొలిమేర కావలి ప్రదేశముగానే తోచెడిది. విద్యాపీఠములను ఊరి సందడికి దూరముగా నిలుపుట మన దేశమున చిరకాలముగా వచ్చుచున్న అలవాటు. అట్లు దూరముగా నిలిపిన చోటికి వేలకొలది మంది నిత్యము పోయి వచ్చు దారి యెట్టిదను చింత మాత్రము సాధారణముగా ఆలస్యముగా పుట్టును.

1998లో ఆ పరిసరములనే సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. అదే యేట ట్రిపుల్ ఐటీయు, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమును ఏర్పడెను. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తలుపులు తెరచెను. 2002లో జరిగిన జాతీయ క్రీడోత్సవములకై అక్కడనే స్టేడియము లేచెను. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేటను విడిచి దక్షిణమున నున్న శంషాబాదునకు తరలిపోగా, అదే సంవత్సరము గచ్చిబౌలిని శంషాబాదుతో కలుపుచు, జనులందరు అవుటర్ అని పిలుచు బాహ్యవలయ రహదారి యొక్క తొలి భాగము వాడుకకు వచ్చెను. ఈ విధముగ మూడు దశాబ్దములలో నొక మూల విద్యాలయములును, వాని చుట్టును కార్యాలయములును, మరియొక మూల విమానాశ్రయమును గల యొక కొత్త నగరము పాత నగరము పక్కన పెరిగెను. దానికి రహదారి ముందు వచ్చెను. బస్సు, రైలు వెనుకబడెను. ఆ వరుస తప్పుటవలన కలిగిన ఇబ్బందిని ఈనాడు ప్రతి సాయంకాలమును ఐటీ కారిడార్ కూడలులలో చూడవచ్చును.

ఇట్టి ప్రాంతమునకు ప్రజారవాణాను రూపొందింపబూనినవారు మొదట తెలిసికొనవలసినది, అక్కడ ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుండి ఎక్కడికి ప్రయాణము చేయుచున్నారన్నది. విమానాశ్రయమనగానే మన మనస్సులో మెదలునది పెట్టె లాగుకొనిపోవు ప్రయాణికుడు. 1.2 కోట్ల మందికని ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమును ఏటా 3.4 కోట్ల మందికి సరిపడునట్లు విస్తరించిరి గనుక ఆ ప్రయాణికుడు అల్పుడు కాడు. కాని అతడు ఏడాదికి రెండుమారులో నాలుగుమారులో అక్కడికి పోవును. సామాను గలవాడు గనుక కారునే కోరును. తరచుగా ఆ కారు ఖర్చును భరింపగలవాడు కూడ. అచటనే నేల తుడుచువారు, సామానులు మోయువారు, వంటశాలలలో భోజనపు పొట్లములు కట్టువారు, కాపలా కాయువారు, టికెట్టు చూచువారు, దుకాణములలో నిలుచువారు ప్రతిదినమును, అదియు మూడు షిఫ్టులలో, పోయి రావలెను. ఒక్క సంవత్సరములో ఒక్కొక్కరు ఆరువందల పర్యాయములకు తక్కువ కాకుండ ఆ దారిని కొలతురు. రవాణా లెక్కలో బరువు ఈ నిత్యయాత్రికులది.

విశ్వవిద్యాలయమందును ఇట్లే. విద్యార్థులలో పెక్కుమంది వసతిగృహములలోనే యుందురు గదా, వారికి బస్సులేల అని యొకరు అడుగవచ్చును. అధ్యాపకేతర సిబ్బంది, భోజనశాలల పనివారు, పరిశోధనకై నగరములోని గ్రంథాలయములకును ఆసుపత్రులకును పోవువారు, ట్యూషనులు చెప్పి చదువు ఖర్చు గడించుకొను పేద విద్యార్థులు, సెలవు దొరికినంతనే స్వగ్రామమునకు పోవుటకు సికింద్రాబాదు స్టేషనునకో మహాత్మాగాంధీ బస్ స్టేషనునకో చేరవలసినవారు, వీరందరి రాకపోకలు రోజంతయు రెండువైపులను సమముగా సాగుచుండును. కార్యాలయపు ప్రయాణము ఉదయమొక వైపునకు, సాయంకాల మింకొక వైపునకు పొంగి, నడుమ బస్సులను ఖాళీగా త్రిప్పును; విద్యాలయపు ప్రయాణము ఆ ఖాళీని నింపును. కావున కార్యాలయములును విద్యాలయములును కలిసియున్న చోట ప్రజారవాణాకు లాభదాయకమైన వాతావరణము సహజముగానే కలదు. దానిని ఉపయోగించుకొనలేకపోవుట మాత్రమే మన లోపము.

ఇక ఇప్పటి స్థితి యెట్లున్నది? 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో 2019 నవంబరునాటికి రాయదుర్గము చేరి అక్కడ నిలిచిపోయినది. మూడు మార్గములలో 69 కిలోమీటర్ల మేర సాగు ఆ రైలు, విశ్వవిద్యాలయపు ద్వారమునకు ఐదారు కిలోమీటర్ల దూరమున ఆగిపోవుటచే, దిగినవారు షేర్ ఆటోలను, బస్సులను, క్యాబులను ఆశ్రయింపవలసియున్నది. రాయదుర్గము నుండి గచ్చిబౌలి వరకు గల రహదారిపై బయోడైవర్సిటీ కూడలిలోను, శిల్పా లేఅవుట్ వద్దను ఫ్లైఓవర్లు కట్టిరి; అవి వాహనములకు దారినిచ్చినవి, బస్సునకై వేచియుండు మనుష్యునకు మాత్రము నిలువ నీడనైనను ఈయలేదు. విమానాశ్రయమునకు పోవువారికి ఆర్టీసీవారి పుష్పక్ బస్సులు కలవు. అవి మంచి బస్సులు, శీతల సదుపాయము గలవి, సామానునకు చోటు గలవి. అవుటర్ పై ద్విచక్ర వాహనములకును ఆటోలకును ప్రవేశము లేదు గనుక, కారు లేనివారికి ఆ నున్నని ఎనిమిది వరుసల దారిపై బస్సొక్కటియే దిక్కు.

విమానాశ్రయమునకు రైలు వేయవలెనను తలంపు కొత్తది కాదు. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు రాయదుర్గము నుండి శంషాబాదు వరకు అవుటర్ వెంబడి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకు, 6,250 కోట్ల రూపాయల అంచనాతో, శంకుస్థాపన చేసిరి. మరుసటి యేడు ప్రభుత్వము మారగా, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ఆ మార్గమును మాన్పించి, నాగోలు నుండి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగ శంషాబాదునకు 36.8 కిలోమీటర్ల మార్గమును ప్రతిపాదించిరి. దానితోపాటు రాయదుర్గము నుండి కోకాపేట వరకు 11.6, మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్లు మొదలైనవి చేర్చి, మొత్తము 76.4 కిలోమీటర్ల రెండవ దశను 24,269 కోట్ల అంచనాతో 2024 నవంబరులో కేంద్రమునకు పంపిరి.

ఈ మార్పును రాజకీయ దృష్టితో చూచి మెచ్చువారును, నిందించువారును కలరు. నాకు తోచినంతవరకు జనసమ్మర్దమును బట్టి చూచిన రెండవ మార్గమే ధర్మమునకు దగ్గరగా నున్నది. అవుటర్ వెంబడి పోవు రైలుకు ఇరువైపుల ఎడమెడముగా నిలిచిన ఎత్తైన భవనములు కలవేగాని, స్టేషనునకు కాలినడకను చేరగల దట్టమైన జనావాసము స్వల్పము. చాంద్రాయణగుట్ట, ఎల్బీ నగర్, ఆరాంఘర్ ప్రాంతములలోనో, ఒక్కొక్క స్టేషను చుట్టును లక్షలమంది నివసింతురు; విమానాశ్రయమున శ్రమించువారిలో అనేకులు ఆ దిక్కుననే యుందురనుట భౌగోళికముగ సహజము. మరొక విశేషమును గమనింపవలెను. ఆరాంఘర్ సమీపమున రాజేంద్రనగరములో 1964 నాటినుండి వ్యవసాయ విశ్వవిద్యాలయము కలదు; జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థయు అక్కడనే కలదు. కనుక విద్యాలయమును విమానాశ్రయమును ఒకే పట్టాలపై కలుపు అవకాశము ఈ మార్గమునను కలదు, ఎవరును అంతగా గమనింపకున్నను.

అయితే పడమటి విద్యాలయముల మాట యేమి? వాని నుండి రైలులో విమానాశ్రయమునకు పోదలచినవాడు రాయదుర్గమునుండి అమీర్‌పేటకు, అచ్చట మారి మహాత్మాగాంధీ బస్ స్టేషనునకు, అచ్చట మారి చాంద్రాయణగుట్టకు, అచ్చట మరల మారి శంషాబాదునకు నగరమునంతటిని ప్రదక్షిణము చేయవలసి వచ్చును. అవుటర్ పై బస్సు ముప్పావుగంటలో చేర్చు దూరమునకు అట్టి చుట్టుదారిని సామానుతో నెవ్వరును పట్టరు. అందువలన పడమటి దిక్కునకు తగిన సాధనము బస్సే యని నా నిశ్చితాభిప్రాయము. అవుటర్ పై ఏ సిగ్నలును లేదు. కాబట్టి కోట్లు వెచ్చించి వేరు దారి వేయకయే బస్సును రైలువలె సమయమునకు నడపవచ్చును. చిక్కంతయు అవుటర్ ఎక్కక మునుపటి నాలుగైదు కిలోమీటర్లలో, గచ్చిబౌలి కూడలికిని రాయదుర్గమునకును నడుమనే కలదు.

ఈ నాలుగైదు కిలోమీటర్ల విషయమున కొంత లెక్క చెప్పక తప్పదు. ఒక వరుసను బస్సులకే ప్రత్యేకించి, నిమిషమున కొకటి చొప్పున గంటకు అరువది బస్సులను, ఒక్కొక్కదానిలో ఏబది మంది చొప్పున నడపిన, 3,000 మంది పోదురు. అదే వరుసలో గంటకు వేయి కార్లు కదలినవనుకొనుడు. కారున కొకరో ఇద్దరో యుందురు గనుక 1,500 మందికి మించి పోరు. ఒకే నేల, ఒకే వెడల్పు, రెండింతల జనము. వాహనములను కాక మనుష్యులను కదలించుట లక్ష్యముగా నుండవలెనని 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానము చెప్పినదానికి అర్థమిదియే. కారులో పోవువారికి ఒక వరుస తగ్గునని భయము కలుగుట న్యాయమే. కాని వారిలో పదింట నొక్కరు బస్సు ఎక్కినను, మిగిలిన తొమ్మండుగురకు దారి తెరపిచ్చును.

బస్సును జనులు నమ్మకపోవుటకు ముఖ్యకారణము, అది యెప్పుడు వచ్చునో తెలియకపోవుట. పదినిమిషముల కొకటి వచ్చు బస్సునకై సగటున ఐదు నిమిషములు నిరీక్షింపవలెను; అరగంట కొకటి వచ్చునేని పదిహేను. అయితే ఈ లెక్క బస్సులు సమదూరమున వచ్చినప్పుడే చెల్లును. రద్దీలో చిక్కి మూడు నిమిషములు ఆలస్యమైన బస్సు తరువాతి స్టాపున ఎక్కువ మందిని చూచును. వారందరు ఎక్కునంతలో మరి రెండు నిమిషములు గడచును. ముందువాడే జనమును తీసికొనిపోవుటచే వెనుక బస్సునకు పని తగ్గి అది త్వరితముగా వచ్చి దీనిని కలిసికొనును. ఆ విధముగ ముప్పది నిమిషములు ఒక్క బస్సును రాక, వచ్చినప్పుడు మూడు కలిసి వచ్చుట మనకందరకు అనుభవమైనదే. దీనికి డ్రైవరును నిందించుట అన్యాయము. ప్రత్యేకమైన వరుస, ఎక్కకముందే టికెట్టు తీసికొను ఏర్పాటు, రెండు మూడు తలుపులతో ఎక్కి దిగు వీలు, చివరి స్టాపున కొంచెము విరామ సమయము కల్పించిన ఆ రోగము చాలవరకు కుదురును.

విమానాశ్రయపు రైలనగానే ఢిల్లీ పాఠము స్మరణకు వచ్చును. 2011 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ నుండి విమానాశ్రయము మీదుగ ద్వారక వరకు 22.7 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మార్గమును ఒక ప్రైవేటు సంస్థ భాగస్వామ్యముతో ప్రారంభించిరి. స్టేషనులు ఆరు మాత్రమే; టికెట్టు ధర హెచ్చు; వేగము విశేషము. కట్టడమున దోషములు కనబడుటచే 2012 జులైలో దానిని మూసి, మరల తెరచిరి. 2013 జులైలో ఆ సంస్థ వైదొలగగా ఢిల్లీ మెట్రో సంస్థయే దానిని నిర్వహింపసాగెను. ఆ పిమ్మట చార్జీలను తగ్గించిన తరువాతనే ఎక్కువారి సంఖ్య హెచ్చెను. విమానమెక్కువాడు ఎంతయైన చెల్లించునని నమ్మి వేసిన మార్గము, నిత్యము పోవువాడు వచ్చినప్పుడు గాని నిలదొక్కుకొనలేదు. శంషాబాదు మార్గమున ఏ స్టేషనులు పెట్టవలెను, ఏ ధర నిర్ణయింపవలెనని యోచించువారికి ఇంతకంటె దగ్గరి దృష్టాంతము దొరకదు.

దేశాంతరమున కెనడాలోని వాంకూవరు నగరము ఈ సమస్యనే రెండు మార్గములలో నెదుర్కొన్నది. అచ్చట బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయము పడమట సముద్రపుటంచున, విమానాశ్రయము దక్షిణమున నొక దీవిపై కలవు. 2003లో విద్యార్థులందరు రుసుముతోపాటే చెల్లించు యూ-పాస్ అను బస్‌పాసును ప్రవేశపెట్టగా, విద్యాలయమునకు బస్సులో వచ్చువారి సంఖ్య గణనీయముగా పెరిగెను. బ్రాడ్‌వే వీథి వెంబడి పోవు 99 బీ-లైన్ బస్సు క్రిక్కిరిసిపోయెను. విమానాశ్రయమునకు 2009 ఆగస్టులో కెనడా లైన్ అను రైలు వచ్చెను. దీవిపై గల స్టేషనుల నడుమ ప్రయాణమునకు టికెట్టే లేకుండ చేసి, విమానాశ్రయమునుండి రైలెక్కు ప్రయాణికుని మీద అదనముగా ఐదు డాలర్లు వేసి, ఆ పాసులు గల నిత్యయాత్రికులను ఆ భారమునుండి తప్పించిరి. ఇది ఎంతయు మెచ్చదగిన వివేకము. అయితే ఒక పొరపాటును చేసిరి. ఖర్చు తగ్గించుటకై ప్లాట్‌ఫారములను నలుబది ఏబది మీటర్ల పొడవునకే పరిమితము చేసి రెండు పెట్టెల రైళ్ళు నడపుటచే, రద్దీ పెరిగినప్పుడు పెట్టెలు చేర్చుటకు తావు లేకపోయెను. మన మెట్రోయందు మాత్రము స్టేషనులను ఆరు పెట్టెల రైలుకు సరిపడునట్లు కట్టి, మూడు పెట్టెల రైళ్ళనే నడపుచున్నారు. అమీర్‌పేటలో ఉదయపువేళ తలుపు దగ్గర ఊపిరి సలుపక నిలిచినవారికి ఈ సంగతి తెలిసియుండిన, వారు అడుగవలసినది కొత్త మార్గము కంటె ముందు కొత్త పెట్టెలనే.

రాత్రి ప్రయాణమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. మెట్రో ఉదయము ఆరింటి ప్రాంతమున మొదలై రాత్రి పదకొండింటి ప్రాంతమున ముగియును. విమానాశ్రయమున కట్టి నియమము లేదు. గల్ఫు దేశములకు పనికై పోవు కరీంనగరు, నిజామాబాదు కార్మికులు, అమెరికాకు చదువునకు పోవు పిల్లలను సాగనంప వచ్చు తల్లిదండ్రులు అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడ ఆ ద్వారముల వద్ద కనబడుదురు. వేకువ షిఫ్టునకు పోవు స్త్రీ మూడుగంటలకు ఇల్లు వెడలవలెను. 2023 డిసెంబరు 9 నుండి అమలైన మహాలక్ష్మి పథకమువలన స్త్రీలకు నగరములోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమయ్యెను. పుష్పక్ లో ఆ ఉచితము లేదు. కనుక విమానాశ్రయపు టెర్మినల్ వరకు, అందును షిఫ్టులు మారు వేళలకు సరిగా, ఆర్డినరీ బస్సులను హెచ్చుగా నడపుట, నిర్మాణమే అక్కరలేని సంస్కరణము. తన వేతనములో పదియవ వంతును దారికే వెచ్చించు తల్లికి ఆ బస్సు వలన కలుగు మేలు, ఏ అద్దాల స్టేషనును చేయజాలదు.

మరియొక మార్గము ఇప్పటికే నేలమీద పరచియున్నది. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ అను నగర లోకల్ రైలు లింగంపల్లి స్టేషనునుండి బయలుదేరును; ఆ స్టేషను విశ్వవిద్యాలయమునకు సమీపముననే కలదు. రెండవ దశలో ఆ రైళ్ళు ఫలక్‌నుమా దాటి ఉందానగరు వరకు పొడిగింపబడెను. ఉందానగరు శంషాబాదునకు పక్కననే యున్నది. అనగా విద్యాలయముల చెంతనుండి విమానాశ్రయపు చెంతకు ఐదు రూపాయల కనీస చార్జీతో మొదలగు రైలుమార్గము సిద్ధముగా కలదు. రెండవ దశ మొదటి యోచనలో విమానాశ్రయము వరకు పట్టాలను తీసికొనిపోవుటయు నుండెను, అది జరుగలేదు. రైళ్ళు తరచుగా లేవు, ఉందానగరున దిగినవానిని టెర్మినల్ నకు చేర్చు బస్సు రైలు వేళతో ముడిపడి లేదు. రైళ్ళ సంఖ్యను పెంచి, ఉందానగరునుండి టెర్మినల్ వరకు గల ఐదారు కిలోమీటర్లకు రైలు వచ్చిన ప్రతిసారి కాచుకొనియుండు బస్సును పెట్టిన, మెట్రోకై వేచియుండు సంవత్సరములలో కొన్నివేలమందికి దారి దొరకును.

ధన మెక్కడినుండి వచ్చునను ప్రశ్నకు కోకాపేటయే సమాధానము. 2023 ఆగస్టులో మహానగరాభివృద్ధి సంస్థయగు హెచ్‌ఎండీఏ వేలములో అక్కడి భూమి ఎకరము గరిష్ఠముగా నూరు కోట్ల రూపాయలకు పైగా పలికెను. ఆ నేల విలువను నేల తాను పెంచుకొనలేదు. రహదారి, నీరు, విద్యుత్తు, విమానాశ్రయపు సామీప్యము పెంచినవి, అనగా ప్రజాధనము పెంచినది. ఆ పెరుగుదలలో నొక నియతభాగమును ప్రజారవాణాకే కేటాయించు శాసనము లేనంతవరకు, భూమి లాభము కొందరిది, ప్రయాణ కష్టము అందరిది యగును. 2017 నాటి జాతీయ మెట్రో విధానము కూడ భూమి విలువనుండి నిధులు సమకూర్చుకొనుటను, బస్సు మొదలైన ప్రత్యామ్నాయములను పరిశీలించిన తరువాతనే మెట్రోను ఎన్నుకొనుటను, ఏకీకృత రవాణా సంస్థను నెలకొల్పుటను కోరుచున్నది. హైదరాబాదున అట్టి ఏకీకృత సంస్థను 2008లోనే ఏర్పరచిరి. దానికి కాగితముపై నున్న అధికారము, బస్సుల వేళలను రైళ్ళ వేళలతో కలుపగల అధికారముగా మారలేదు. ఆర్టీసీ యొకరి చేతిలో, ఎంఎంటీఎస్ కేంద్ర రైల్వే చేతిలో, మెట్రో మరియొకరి చేతిలో, రోడ్లు మున్సిపాలిటీ చేతిలో నుండగా, ప్రయాణికుడు నాలుగు టికెట్టులు కొని, నాలుగు చోట్ల వేచి, నాలుగు తిట్లు తినుచున్నాడు. ఒక్క కార్డుతో అన్నింట నెక్కుటకు యంత్రజ్ఞానము నేడు సర్వసిద్ధము. కావలసినది వచ్చిన డబ్బును పంచుకొను ఒప్పందమొక్కటియే.

విశ్వవిద్యాలయములకును ఇందు బాధ్యత కలదు. రెండువేల ఎకరములకు పైబడి దత్తమైన కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణము లోపలనే ప్రధాన ద్వారమునుండి దూరపు వసతిగృహములకు నడచుట ఎండవేళ కష్టము. లోపల తిరుగు విద్యుత్ బస్సులను బయటి స్టాపు వేళలతో కలుపవచ్చును. అన్ని విద్యాలయముల తరగతులును ఒకే గంటకు మొదలు కాకుండ అరగంట ఎడముతో మొదలగునట్లు ట్రిపుల్ ఐటీ, ఉర్దూ విశ్వవిద్యాలయము, కేంద్రీయ విశ్వవిద్యాలయము కలిసి కూర్చుండి నిర్ణయించుకొన్న, ఒక్క కొత్త బస్సును కొనకయే ఉదయపు రద్దీ తగ్గును. ఇక దారి వెడల్పు పేరిట ఆ ఆవరణపు బండలను, చెట్లను, కుంటలను కోయుటకు సిద్ధపడకుండుట ముఖ్యము. 2025 ఏప్రిలులో కంచ గచ్చిబౌలిలో చెట్లు నరకుటను సర్వోన్నత న్యాయస్థానము ఆపివేసిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. రెండు వరుసల రోడ్డున బస్సులు మోయగల జనమును కార్లతో మోయవలెనన్న నాలుగు వరుసలు కావలెను. ఆ అదనపు రెండు వరుసల నేల ఎక్కడినుండి వచ్చునో బస్సును కాదనువారు చెప్పవలసియుండును.

ఇవన్నియు జరుగుటకు పట్టు కాలము వేరువేరు. రెండవ దశ మెట్రోకు అనుమతి, ధనము, నేల సమకూరి రైలు కదలుటకు అయిదారు సంవత్సరములైనను పట్టును. బస్సుల ప్రత్యేక వరుసకు ఒక సంవత్సరము చాలును. ఉందానగరు రైలుకు ఎదురుచూచు బస్సు, వేకువ మూడున్నరకు ఆరాంఘర్ నుండి టెర్మినల్ నకు పోవు ఆర్డినరీ బస్సు, రాయదుర్గము చివరి రైలు దిగినవారిని విశ్వవిద్యాలయపు ద్వారమున దింపి గాని డిపోకు పోని బస్సు, ఈ మూడింటికి కావలసినది ఒక నూతన వేళల పట్టికయు, మరి కొన్ని బస్సులును, వాటిని నడపు డ్రైవర్లును. ఆ పట్టికను రాబోవు విద్యాసంవత్సరము ప్రారంభమగు జూన్ మాసమునకే సిద్ధము చేయవచ్చును.